కాళ్లు కొయ్యబారింది ఎక్కడ? చిన్న ట్రయథ్లాన్‌పై పాఠకుల ప్రశ్నలు

ఈత, సైకిల్, పరుగు మూడింటినీ మధ్యలో విరామం లేకుండా ఒకదాని వెంట ఒకటి పూర్తి చేసే పోటీని ట్రయథ్లాన్ అంటారు. వీటిలో చిన్నదైన స్ప్రింట్ ట్రయథ్లాన్‌లో 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిల్, 5 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. చలికాలపు పోటీలు ముగిసిన తరువాత ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దీని గురించే కావడంతో ఈసారి మొత్తం చోటును వాటికే కేటాయిస్తున్నాం. నలభై నాలుగో ఏట మొదటిసారి ఈ పోటీలో దిగి, జాబితాను కింది నుంచి చదివితే త్వరగా దొరికే స్థానంలో ముగించిన అనుభవం తప్ప జవాబులు రాయడానికి నాకు వేరే అర్హత లేదని ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

ప్రశ్న: నా వయసు 39. నాలుగేళ్లుగా ఉదయం పూట పరుగెత్తుతున్నాను; 5 కిలోమీటర్లకు నాకు 28 నిమిషాలు పడుతుంది. ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పు వేసిన ట్రాక్ మీద సైకిల్ తొక్కుతాను. ఈత మాత్రం చిన్నప్పుడు నల్లగొండ జిల్లాలోని మా ఊరి బావిలో నేర్చుకున్నదే. ఆ ధైర్యంతోనే నగరంలో జరిగిన ఒక స్ప్రింట్ ట్రయథ్లాన్‌లో పాల్గొన్నాను. కొలను రెండో పొడవులోనే ఆయాసం వచ్చి లేన్ తాడు పట్టుకోవలసి వచ్చింది. ఈతకు 26 నిమిషాలు, తుడుచుకుని సైకిల్ ఎక్కడానికి 6, సైకిల్‌కు 48, దిగి బూట్లు మార్చుకోవడానికి 3 నిమిషాలు పట్టాయి. పరుగు మొదలుపెట్టేసరికి కాళ్లు కొయ్యబారిపోయాయి. సగం దూరం నడిచి, ఆ 5 కిలోమీటర్లకే 41 నిమిషాలు తీసుకున్నాను. మొత్తం 2 గంటల 4 నిమిషాలు. నాకు బాగా వచ్చిన పరుగే నన్ను ఎందుకు దెబ్బతీసింది? వచ్చే ఏడాదికి మంచి రోడ్డు సైకిల్ కొనుక్కోమని స్నేహితులు సలహా ఇస్తున్నారు. కొనమంటారా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: ఇప్పట్లో కొనవద్దు. నిమిషాలతో సహా రాసినందువల్ల మీ ప్రశ్నకు జవాబు మీ ఉత్తరంలోనే దొరుకుతోంది. 20 కిలోమీటర్లను 48 నిమిషాల్లో తొక్కారంటే మీ వేగం గంటకు 25 కిలోమీటర్లు. లక్ష రూపాయలు పోసి కొన్న సైకిల్ ఆ వేగాన్ని 26కు పెంచిందనుకుందాం. మీకు మిగిలేది రెండు నిమిషాలకు కాస్త తక్కువ. అదే పరుగులో, మీ సొంత వేగంతో పోల్చినా, మీరు పోగొట్టుకున్నది 13 నిమిషాలు. ఈత నుంచి సైకిల్‌కూ సైకిల్ నుంచి పరుగుకూ మారే చోటును ట్రాన్సిషన్ అంటారు. అక్కడ కూడా గడియారం నడుస్తూనే ఉంటుంది, అక్కడ మీరు 9 నిమిషాలు గడిపారు. మీ సమస్య సైకిల్ షాపులో తీరేది కాదు.

కాళ్లు పరుగులో మొరాయించినా, అది మొదలైంది నీటిలోనే అని నా అభిప్రాయం. బావి ఈత గురించి ఇక్కడ కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే పల్లెల నుంచి ఈ నగరానికి వచ్చిన మా తరం మగవాళ్లలో చాలామందికి ఈత అంటే అదే. నేనూ నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టించుకుని, మా పెదనాన్న తోస్తే బావిలో పడినవాణ్నే. బావి మనకు మునగకుండా ఉండటం నేర్పింది, మోట దిమ్మె మీది నుంచి దూకడం నేర్పింది, అడుగుకు వెళ్లి గుప్పెడు బురద తెచ్చి చూపించడం నేర్పింది. దూరం ఈదడం మాత్రం నేర్పలేదు, ఎందుకంటే బావిలో దూరమనేదే లేదు. తల పైకెత్తి నాలుగు బారలు వేస్తే అవతలి గోడ చేతికందుతుంది. అదే పద్ధతిలో 50 మీటర్ల కొలనులో దిగినప్పుడు ఎత్తిన తలకు బదులుగా నడుమూ కాళ్లూ కిందికి దిగిపోతాయి, ఒళ్లంతా ఏటవాలుగా నిలిచి ప్రతి బారకూ నీటిని తలుపులా నెట్టుకుంటూ పోవలసి వస్తుంది. దానికి తోడు ఊపిరి బిగపట్టే పాత అలవాటు ఒకటి. ముఖం నీటిలో ఉన్నంతసేపూ బుడగలుగా గాలి వదులుతూ ఉంటే, తల పక్కకు తిప్పిన ఆ క్షణం పీల్చుకోవడానికి సరిపోతుంది. వదలకుండా దాచుకున్నవాడు ఆ క్షణంలోనే వదలడమూ పీల్చడమూ రెండూ చేయబోయి ఏదీ పూర్తి చేయలేడు. నాలుగేళ్లుగా పరుగెత్తుతున్న మీ ఊపిరితిత్తులకు బలం తక్కువేమీ లేదు, పాత గాలి బయటికి పోలేదంతే.

నా మొదటి పోటీలో ఈల మోగగానే చుట్టూ లేచిన నీళ్ల చప్పుడుకు బెదిరి, ఎవరో తరుముతున్నట్టు మొదటి 50 మీటర్లు ఈదేశాను. మూడో పొడవుకు వెల్లకిలా తిరిగి, కొలను పైనున్న దీపాలను చూస్తూ, ఇంట్లో ఏమని చెప్పాలో ఆలోచిస్తూ తేలాను. ఎలాగో బయటపడి సైకిల్ ఎక్కాక, నీటిలో పోయిన పరువునంతా రోడ్డు మీద తిరిగి రాబట్టుకోవాలనిపించింది. మీరు రాయలేదు గాని మీరూ ఇదే చేసి ఉంటారని అనుమానిస్తున్నాను. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నన్ను దాటిపోయిన కాలేజీ పిల్లవాడి వెనుక లేచి నిలబడి తొక్కాను. పది సెకన్లు అతని పక్కన ఉండగలిగాను, దాని మూల్యం పరుగు మొత్తం చెల్లించాను. చదునైన రోడ్డు మీద సైకిల్ తొక్కేవారికి ప్రధాన ప్రతిబంధకం గాలి. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగంతో సమానంగా పెరగదు, వేగం ఘనంతో పెరుగుతుంది. గంటకు 25 కిలోమీటర్ల నుంచి 30కి పెంచితే వేగం పెరిగింది 20 శాతమే అయినా, గాలి కోసం ఖర్చయ్యే శక్తి 70 శాతానికి పైగా పెరుగుతుంది. నీటిలో అప్పటికే ఆయాసపడిన మనిషి అలాంటి బేరానికి దిగకూడదు.

ఇక ఆ కొయ్యబారడం సంగతి. సైకిల్ తొక్కేటప్పుడు తొడ కండరాలు కుదించుకుని తొక్కుడుబిళ్లను నెడతాయే గాని దేహపు బరువును మోయవు; బరువంతా సీటు మీద ఉంటుంది. పరుగులో ప్రతి అడుగుకూ అవే కండరాలు సాగుతూ, కిందికి పడబోయే ఒంటిని ఆపుకోవాలి. ముక్కాలు గంట సేపు ఒక పనికి అలవాటుపడిన కండరాలను ఉన్నట్టుండి మరో పనికి పిలిస్తే మొదటి కిలోమీటరులో అవి మాట వినవు. ఇది మీ ఒక్కరికే కాదు, ఒలింపిక్ క్రీడాకారులకు కూడా కొంత ఉంటుంది. దీనికి తోడు మన ఊరి ఎండ. సైకిల్ మీద ఎదురుగాలి చెమటను ఆర్పేస్తుంది కనుక వేడి తెలియదు, దిగి నెమ్మదిగా పరుగెత్తేటప్పుడు ఆ గాలి ఉండదు. జనవరిలో కూడా ఉదయం తొమ్మిదికి నీడలేని రోడ్డు మీద ఒళ్లు కాగుతుంది.

చేయవలసినది చాలా వరకు ఖర్చులేని పనే. మీరు ఎటూ ఆదివారాలు సైకిల్ ట్రాక్ మీదికి వెళుతున్నారు. 2023లో ప్రారంభమైన ఆ 23 కిలోమీటర్ల ట్రాక్ కార్ల బెడద లేకుండా నగరంలో మనకు దొరికిన వరం. అక్కడ తొక్కడం ముగించిన వెంటనే, టీ బండి దగ్గర ఆగకుండా, సైకిల్‌కు తాళం వేసి 15 నిమిషాలు పరుగెత్తండి. దీన్ని బ్రిక్ సాధన అంటారు. ఇలా ఎనిమిది పది ఆదివారాలు చేస్తే కాళ్లు ఆ మార్పును గుర్తుపడతాయి. పోటీలో సైకిల్ చివరి రెండు కిలోమీటర్లు తేలిక గేరులో పెట్టి కాళ్లను త్వరత్వరగా తిప్పండి; పరుగు మొదటి కిలోమీటరును మీ మామూలు వేగం కన్నా అర నిమిషం నెమ్మదిగా వెళ్లండి. ఎవరైనా దాటిపోతే పోనివ్వండి.

ఈతకు మాత్రం శిక్షకుడి దగ్గరికి వెళ్లండి. వారంలో రెండు పరుగులు మానేసి ఆ రెండు రోజులూ కొలనుకే వెళ్లాలని నా సలహా. పరుగు ఇష్టమైనవాళ్లకు ఇది కష్టంగా తోస్తుందని తెలిసే చెబుతున్నాను. ప్రస్తుతం మీకు 100 మీటర్లకు దాదాపు 3 నిమిషాల 28 సెకన్లు పడుతోంది. మూడు నాలుగు నెలల్లో దాన్ని అర నిమిషం తగ్గించగలిగితే 3 నిమిషాల 45 సెకన్లు ఆదా అవుతాయి. అయితే నేను ఆ సెకన్ల కోసం చెప్పడం లేదు. కొలను మెట్లు రొప్పకుండా ఎక్కినవాడు సైకిల్‌ను సవ్యంగా తొక్కుతాడు, సవ్యంగా తొక్కినవాడికి పరుగుకు కాళ్లు మిగులుతాయి.

ట్రాన్సిషన్‌ను ఇంటి డాబా మీద సాధన చేయవచ్చు. తువ్వాలు పరిచి, దాని మీద బూట్లు, కళ్లజోడు, నంబరు బెల్టు, హెల్మెట్ వరుసగా పెట్టి, బకెట్టు నీళ్లు ఒంటి మీద పోసుకుని గడియారం చూసుకుంటూ మారి చూడండి. ఇరుగుపొరుగువారు నవ్వుతారు, నన్ను చూసి నవ్వారు. లేసులకు బదులు సాగే లేసులు వేసుకుంటే ముడి వేసే పని తప్పుతుంది. హెల్మెట్ పెట్టుకుని బకిల్ బిగించిన తరువాతే ర్యాక్ మీద ఉన్న సైకిల్‌ను ముట్టుకోవాలన్నది నిబంధన. తిరిగి వచ్చాక సైకిల్‌ను ర్యాక్‌లో పెట్టేదాకా బకిల్ విప్పకూడదు. ట్రాన్సిషన్ బయట నేల మీద గీసిన గీత దాటాకే సైకిల్ ఎక్కాలి, తిరిగి వచ్చేటప్పుడు గీత ముందే దిగాలి. పోటీకి ముందు కొలను ద్వారం నుంచి మీ సైకిల్ దాకా ఒకసారి నడిచి, ఎన్నో వరుసో గుర్తుపెట్టుకోండి. తడి కళ్లతో రెండు వరుసలు తప్పుగా వెతికిన అనుభవం నాది.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, ప్రైవేటు పాఠశాలలో టీచరును. నాలుగు నెలల క్రితం ఈత మొదలుపెట్టాను. బ్రెస్ట్ స్ట్రోక్ (కప్ప ఈత) ఒక్కటే వస్తుంది, దానితో ఆగి ఆగి 750 మీటర్లు ఈదగలను. పోటీలో ఫ్రీస్టైలే (ఒక చెయ్యి తరువాత ఒకటిగా బారలు వేసే ఈత) ఈదాలా? మధ్యలో ఆగితే తీసేస్తారా? ఈత దుస్తులతో రోడ్డు మీద సైకిల్ తొక్కాలంటే నాకు ఇబ్బందిగా ఉంటుంది.
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ట్రయథ్లాన్ నిబంధనల్లో ఫలానా ఈతే ఈదాలని లేదు. అలసినప్పుడు కొలను అంచునో, తేలే బోయానో, కదలకుండా నిలిచిన పడవనో పట్టుకుని ఊపిరి తీసుకోవచ్చు. దాని ఆసరాతో ముందుకు సాగకూడదంతే. చెయ్యి పైకెత్తి ఊపితే సహాయకులు వస్తారు. సహాయం అడగడంలో నామోషీ ఏమీ లేదు. బ్రెస్ట్ స్ట్రోక్‌లో తన్నుడు బలంగా ఉంటే తొడలు ముందే అలసిపోతాయి కనుక చివరి రెండు పొడవులు చేతులకు ఎక్కువ పని చెప్పి, కాళ్లను మెల్లగా ఆడించండి.

దుస్తుల విషయంలో మీరు ఇబ్బంది పడనక్కరలేదు. మోచేతుల దాకా, మోకాళ్ల దాకా వచ్చే లైక్రా దుస్తుల్లోనే చాలామంది మహిళలు ఈదుతారు. అవి త్వరగా ఆరతాయి. కొలను నుంచి వచ్చాక పైన వదులైన టీ షర్టు వేసుకుని సైకిల్ ఎక్కవచ్చు. తడి ఒంటి మీద షర్టు చుట్టుకుపోయి సతాయిస్తుందని మాత్రం గుర్తుంచుకుని ముందుగా అలవాటు చేసుకోండి. విదేశీ వీడియోల్లో కనిపించే రబ్బరు వెట్ సూట్ చల్లటి నీటి కోసం తయారైనది. నీటి ఉష్ణోగ్రత ఒక హద్దు దాటితే దాన్ని నిబంధనలే అనుమతించవు, మనకు దాని అవసరమూ లేదు. మరొక మాట: కొలనులో బాగా వచ్చింది కదా అని గండిపేట (ఉస్మాన్‌సాగర్) వంటి జలాశయాల్లో సాధనకు దిగాలన్న ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. 1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నగరానికి తాగునీరు ఇచ్చిన చెరువులు. రక్షకులు లేని లోతు నీటిలో ఒంటరిగా దిగడం ఎక్కడైనా ప్రమాదమే.

ప్రశ్న: నా దగ్గర లావు టైర్ల గేర్ సైకిల్ ఉంది. దానితో పోటీకి వెళితే రానిస్తారా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, నిజాంపేట

జవాబు: చిన్న పోటీల్లో సాధారణంగా రానిస్తారు, నమోదు చేసుకునే ముందు నిర్వాహకులను ఒకసారి అడగండి. రెండు బ్రేకులూ పనిచేయాలి, హ్యాండిల్ గొట్టం చివరలు మూసి ఉండాలి, హెల్మెట్ తప్పనిసరి. చెవిలో ఇయర్ ఫోన్లు పెట్టుకోకూడదు. ముందు రోజు సాయంత్రం టైరు మీద రాసి ఉన్న పరిమితి మేరకు గాలి కొట్టించుకోండి. మెత్తబడిన లావు టైరు రోడ్డుకు అతుక్కున్నట్టే పోతుంది. పంక్చరైతే మీరే వేసుకోవాలి, బయటివాళ్లు చెయ్యి వేయకూడదు. మీ వీధి చివరి పంక్చర్ షాపు అన్న దగ్గర ఒక సాయంత్రం కూర్చుని ట్యూబు మార్చడం నేర్చుకుంటే ఆ విద్య పోటీ అయ్యాక కూడా పనికొస్తుంది.

ప్రశ్న: పదవీ విరమణ చేశాను. వయసు 58. పదేళ్లుగా బీపీ మాత్ర వాడుతున్నాను. రోజూ గంట నడక, వారానికి మూడు రోజులు ఈత ఉన్నాయి. మా అబ్బాయి పాల్గొంటున్న పోటీలో నేనూ పాల్గొనాలని ఉంది. ఈ వయసులో తగునా?
– ఒక పాఠకులు, సికింద్రాబాద్

జవాబు: వయసు అడ్డంకి కాదు గాని, దీనికి జవాబు చెప్పవలసింది మీ డాక్టరు గారు. గుండె పరీక్షలు చేయించుకుని, ఆయన సరేనన్నాకే డబ్బు కట్టండి. మిమ్మల్ని భయపెట్టాలని కాదు గాని, ఒక విషయం దాచడం సరికాదు. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్లలో జరిగిన మరణాలను, గుండె ఆగిన సంఘటనలను పరిశీలించిన అధ్యయనం 2017లో అన్నల్స్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చింది. లక్షలాది మంది పాల్గొన్న ఆ మూడు దశాబ్దాల్లో మొత్తం 135 సంఘటనలు నమోదు కాగా, వాటిలో 90 ఈతలోనే జరిగాయి. బాధితుల్లో అత్యధికులు నడివయసు దాటుతున్న మగవాళ్లు, వారిలో కొందరికి అది మొదటి పోటీ. కనుక ఈత మొదలయ్యే ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించుకోండి, చల్లటి నీటితో ముఖం, మెడ తడుపుకోండి. మొదటి వరుసలో కాకుండా వెనుక, పక్కగా నిలబడండి. ఛాతీలో బరువు, తల తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం తోస్తే వెంటనే ఆగి చెయ్యెత్తండి. కొన్ని బీపీ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు, అందుకని చేతి గడియారం చూపే గుండె వేగాన్ని మీరు లెక్కలోకి తీసుకోవద్దు. పక్కవారితో నాలుగు మాటలు మాట్లాడగలిగేంత శ్రమ మీకు చాలు. పోటీ రోజు ఉదయం మాత్ర మానాలా వేసుకోవాలా అన్నది కూడా డాక్టరు గారినే అడగండి, మీ అబ్బాయిని కాదు.

ప్రశ్న: పోటీకి ముందు ఏం తినాలి? శక్తి కోసం పొట్లాల్లో అమ్మే జెల్లులు కొనుక్కోవాలా?
– ఒక గృహిణి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: రెండు గంటల లోపు ముగిసే పోటీకి వంటిల్లు చాలు. ఆరింటికి పోటీ అయితే నాలుగింటికల్లా మూడు ఇడ్లీలు, ఒక అరటిపండు తినండి. పచ్చడి, సాంబారు వద్దు, కొబ్బరి చట్నీ అసలే వద్దు. సైకిల్ మీద సీసాలో నీళ్లు, చిటికెడు ఉప్పు, కాస్త పంచదార, నిమ్మరసం కలుపుకోండి. దాహం వేసినప్పుడు రెండు గుటకలు తాగితే సరిపోతుంది. భయంతో లీటర్లకు లీటర్లు తాగడం కూడా చేటే. రాగి జావ మంచిదే గాని అలవాటు లేనివారు ఆ రోజే మొదలుపెట్టకూడదు.

ప్రశ్న: ఈ మూడు ఆటలను ఇలా కలిపింది ఎవరు? ఈతే ఎందుకు ముందు?
– ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, ఉప్పల్

జవాబు: 1974 సెప్టెంబరు 25న అమెరికాలోని శాన్ డియేగో నగరంలో, మిషన్ బే దగ్గర అక్కడి ట్రాక్ క్లబ్ జరిపిన పోటీని ఆధునిక ట్రయథ్లాన్‌కు ఆరంభంగా చెబుతారు. ఆనాడు వరుస ఇప్పటికి తలకిందులు: ముందు పరుగు, చివర ఈత. అలసిన మనిషిని నీటిలోకి దింపడం కన్నా తాజాగా ఉన్నప్పుడే ఈదించి ఒడ్డుకు చేర్చడం క్షేమం కనుక తరువాత ఈత ముందుకు వచ్చింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో ఈ ఆటకు తొలిసారి చోటు దక్కింది. అక్కడ దూరాలు మన స్ప్రింట్‌కు సరిగ్గా రెట్టింపు.

ప్రశ్న: మేం పాల్గొన్న పోటీలో పొడవులు లెక్కపెట్టే కుర్రవాడు ఒకటి తగ్గించి లెక్కించి నన్ను మళ్లీ నీటిలోకి పంపాడు. నాకు ఖాయంగా గుర్తుందని వాదించలేకపోయాను, ఎందుకంటే తొమ్మిదో పదో నాకే తెలియలేదు. ఈదుతూ లెక్క తప్పకుండా ఉండే ఉపాయం ఉందా?
– ఒక పాఠకురాలు, మియాపూర్

జవాబు: ఎనిమిది లేన్లలో ఒకేలాంటి టోపీలను గంటల తరబడి చూసే ఆ పిల్లవాడి మీద కోపం వద్దు, అతను జీతం లేని వాలంటీరు. అంకెలు ఆయాసంలో కలిసిపోతాయి, పేర్లు అలా కలవవు. 50 మీటర్ల కొలనులో 750 మీటర్లంటే సరిగ్గా 15 పొడవులు, ఒక పక్షానికి ఉన్నన్ని తిథులు. గోడ తోసినప్పుడల్లా పాడ్యమి, విదియ, తదియ అని ఒక్కొక్క తిథినీ పట్టుకుని ఈదుతాను. చవితికి ఊపిరి కుదురుకుంటుంది, అష్టమికి సగం దాటినట్టు, ఏకాదశికి ఆకలి మొదలవుతుంది, పౌర్ణమికి మెట్లెక్కి బయటికి వస్తాను. మీ కాలనీ కొలను 25 మీటర్లదే అయితే అమావాస్య దాకా ఈదాలి.